పాలు పొంగించారు సరే, ఓసీ వచ్చిందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో గోడల రంగుల గురించి, వంటగది దిక్కు గురించి అడిగినవాటిని పక్కన పెట్టేశాను. మిగిలినవాటిలో ఉన్నది ఒకటే గోడు. డబ్బు కట్టి ఏళ్లు గడిచాయి, ఫ్లాటు చేతికి రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. (ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, భవనంలో కాపురం ఉండవచ్చని మున్సిపల్ సంస్థ ఇచ్చే పత్రం.) ఇరవై రెండేళ్లు బ్యాంకుల తరఫున సైట్లకు వెళ్లి శ్లాబులు లెక్కపెట్టిన ఇంజినీరును నేను. ఆ అనుభవంతో నాకు తెలిసింది చెబుతాను. కేసు వేసే ముందు మాత్రం మీ కాగితాలు ఒక న్యాయవాదికి చూపించండి.

ప్రశ్న: మేడమ్‌గారూ, 2021 మార్చిలో నిజాంపేట వైపు 1,450 చదరపు అడుగుల ఫ్లాటు కొన్నాం. ధర 74 లక్షలు, ఇప్పటికి 68 లక్షలు కట్టాం. అగ్రిమెంటు ప్రకారం 2023 డిసెంబరుకు ఇవ్వాలి. ఆ పైన ఆరు నెలల గ్రేస్ అన్నారు, అదీ 2024 జూన్‌తో అయిపోయింది. తర్వాత పదహారు నెలలు గడిచాయి. ఒకవైపు అద్దె 24 వేలు, ఇంకోవైపు ఈఎంఐ. ఇప్పుడు బిల్డరు ఫోను చేసి "కార్తీకంలో మంచి ముహూర్తాలున్నాయి, గృహప్రవేశం చేసుకోండి, ఓసీ రెండు మూడు నెలల్లో వస్తుంది, ఆలస్యమైనందుకు ఏడాది మెయింటెనెన్సు మేమే భరిస్తాం" అంటున్నారు. మిగిలిన ఆరు లక్షలు, కార్పస్ ఫండు (అపార్ట్‌మెంటు నిర్వహణకు ముందే జమచేసే నిధి) కట్టి ఒక కాగితం మీద సంతకం చేయాలట. మా అత్తగారు అప్పుడే ముహూర్తం పెట్టించేశారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముహూర్తం సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ కాగితం సంగతి.

అలాంటి కాగితం మీద నేనూ సంతకం చేశాను. 2014లో మేం కొన్న ఫ్లాటు ఇరవై ఆరు నెలలు ఆలస్యమైంది. గృహప్రవేశం రోజుకు లిఫ్టు లేదు, లిఫ్టు గుంతకు అడ్డంగా ప్లైవుడ్ చెక్క కొట్టి ఉంది. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కూలీలు అయిదో అంతస్తుకు మోసుకొచ్చారు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంటూనే ఉన్నారు. సైటు కరెంటు మీద ఇండక్షన్ పొయ్యి పెడితే వోల్టేజీ చాలక పాలు గోరువెచ్చగానే ఉండిపోయాయి. చివరికి పక్క ఫ్లాటులో టైల్స్ పరుస్తున్న మేస్త్రీల కిరోసిన్ స్టవ్ అడిగి తెచ్చి పొంగించాం. ఆ హడావుడిలో బిల్డరు మనిషి ఫైలు పట్టుకొచ్చి "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వేలు పెట్టి చూపిస్తుంటే, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. నా కాపీ ఇప్పటికీ బీరువాలో ఉంది. దాని మీద నా పసుపు బొటనవేలి ముద్ర, దాని పక్కనే నాలుగో షరతు: "ఫ్లాటును పూర్తి సంతృప్తితో స్వీకరించితిని. జాప్యము నిమిత్తము ఎట్టి పరిహారమును కోరను." ముందు రోజే ఇంకొకరి సైటులో "లోపలి ప్లాస్టరింగ్ పూర్తి కాలేదు, వాయిదా విడుదల చేయరాదు" అని బ్యాంకుకు రిపోర్టు రాసి వచ్చిన మనిషిని నేను. మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

మీరు ఆ పని చేయకముందే లెక్క చూడండి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అంటే మనం రెరా అంటున్నది, 18వ సెక్షన్‌లో మీకు రెండు దారులు ఇచ్చింది. ఇల్లు వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో సహా వెనక్కి తీసుకోవచ్చు. ఇల్లే కావాలనుకుంటే అప్పగించేదాకా ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ రావాలి. తెలంగాణ నిబంధనల ప్రకారం ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్ఆర్ (బ్యాంకు అప్పుల వడ్డీకి ఆధారంగా తీసుకునే రేటు) మీద మరో రెండు శాతం. ఆ రేటు మారుతూ ఉంటుంది కాబట్టి లెక్క కోసం పదకొండు శాతం అనుకుందాం. 68 లక్షల మీద ఏడాదికి 7 లక్షల 48 వేలు. నెలకు 62 వేల పైచిలుకు. పదహారు నెలలకు దాదాపు పది లక్షలు.

బిల్డరు ఇస్తానంటున్న ఏడాది మెయింటెనెన్సు ఎంత? చదరపు అడుగుకు మూడున్నర రూపాయలు వేసుకున్నా నెలకు 5,075, ఏడాదికి 60,900. పదహారు నెలల బాకీకి ఒక్క నెల వడ్డీ కూడా పూర్తిగా చేతిలో పెట్టకుండా, మిగతా పదిహేను నెలలది వదిలేసినట్టు మీ చేతే రాయించుకుంటున్నారు.

ఇక ఓసీ. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక రెండు నెలల్లోగా ఫ్లాటు స్వాధీనం చేసుకోవాలని చట్టం మిమ్మల్ని అడుగుతుంది. అది రాకముందు తీసుకోవాలన్న బాధ్యత మీకు లేదు. మన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఓసీ లేని భవనానికి కరెంటు, మంచినీరు, డ్రైనేజీ శాశ్వత కనెక్షన్లు ఇవ్వకూడదు. అంటే మీరు ట్యాంకరు నీళ్లతో, నిర్మాణం కోసం ఇచ్చిన కరెంటుతో కాపురం పెట్టాలి. ఒకసారి అందరూ దిగిపోయాక ఓసీ కోసం పరుగెత్తాల్సిన తొందర బిల్డరుకు ఉండదు. మా అపార్ట్‌మెంటుకు ఓసీ వచ్చింది మేం దిగిన పద్నాలుగు నెలలకు.

"రెండు మూడు నెలల్లో" అన్న మాట నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. ఆదివారం సాయంత్రం కుటుంబంతో వెళ్లకండి, అప్పుడు సేల్స్ ఆఫీసులో టీ తప్ప ఏమీ కనబడదు. మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండుకు వెళ్లండి. ఎంతమంది పనిలో ఉన్నారో చూడండి. మీ ఫ్లాటులోకి తర్వాత వెళ్లవచ్చు, ముందు సెల్లారులోకి దిగండి. మురుగునీటి శుద్ధి ప్లాంటులో మోటార్లు బిగించారా, లేక ఖాళీ కాంక్రీటు తొట్లే ఉన్నాయా? ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద ట్రాన్స్‌ఫార్మరు ఉందా? మంటలార్పే పంపులకు పైపులు కలిపారా? భవనం ఎత్తు 18 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కూడా కావాలి, దాని నకలు అడగండి. నేను చూసిన సైట్లలో మోడల్ ఫ్లాటు తళతళలాడుతూ సెల్లారు ఖాళీగా ఉంటే, ఓసీ కనీసం ఆరు నెలల దూరంలో ఉన్నట్టే.

ఇలా ఎందుకవుతుందో కూడా చెబుతాను. మన దగ్గర చెల్లింపుల పట్టిక శ్లాబుల మీద నడుస్తుంది. శ్లాబు పడితే వాయిదా వస్తుంది కాబట్టి శ్లాబులు చకచకా లేస్తాయి. పై శ్లాబు పడేసరికి ఎనభై శాతం దాకా వసూలైపోతుంది. అసలు ఓపిక కావలసిన పని అప్పుడే మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే మేస్త్రీల గుంపు ఇంకో సైటుకు మారుతుంది. కొన్నవారి డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలని, ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరిస్తేనే తీయాలని రెరా పెట్టిన నిబంధన ఈ జబ్బుకు మందుగానే. మందు ఉన్నంత మాత్రాన రోగి వేసుకుంటాడని లేదు.

మీరు చేయవలసింది ఇది. ఫోను సంభాషణలు ఆపి ఈమెయిల్ రాయండి, అదే రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. నాలుగు వాక్యాలు చాలు: "అగ్రిమెంటు ప్రకారం ఫ్లాటు అప్పగింత 2024 జూన్ 30 నాటికి జరగాలి. జరగలేదు. ఓసీ నకలు అందాక స్వాధీనం చేసుకుంటాం. ఆలస్యానికి సెక్షన్ 18 కింద మాకు రావలసిన వడ్డీని వదులుకోవడం లేదు, దాన్ని చివరి వాయిదాలో సర్దుబాటు చేయగలరు." ఆరు లక్షలు కట్టనని మీకై మీరు భీష్మించుకోవద్దు. అగ్రిమెంటులో చివరి వాయిదా దేనితో ముడిపడి ఉందో చూడండి. "ఓసీతో అప్పగింత సమయంలో" అని ఉంటే అది ఇంకా బాకీ పడలేదు, ఆ మాటే రాయండి. వేరే దశతో ముడిపెట్టి ఉంటే కట్టకపోవడం మీ తప్పుగా మారుతుంది. అప్పుడు కట్టి, నిరసనతో కడుతున్నామని రాసి ఉంచండి.

బిల్డరు రెండు మాటలు అంటారు, సిద్ధంగా ఉండండి. ఒకటి, "రెరా వెబ్‌సైటులో మా గడువు ఇంకా ఉంది." ఉండనివ్వండి. అది ఆయనకూ, ఆ చట్టాన్ని అమలు చేసే రెరా సంస్థకూ మధ్య గడువు. మీకు మీ అగ్రిమెంటులో ఉన్న తేదీయే లెక్క. బొంబాయి హైకోర్టు 2017లోనే ఈ సంగతి తేల్చింది. రెండోది, "సంతకం చేయకపోతే తాళాలు ఇవ్వం." బెంగళూరు శివారు ప్రాజెక్టు ఒకదానిలో కొన్నవారితో బిల్డరు దాదాపు ఇలాగే మాట్లాడితే, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు అది అన్యాయమంది. రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన ఆలస్యపు పరిహారం అడిగే హక్కు పోదని కూడా చెప్పింది. అయితే అదే తీర్పులో, బిల్డరుతో విడిగా రాజీపత్రం రాసుకున్నవారికి మాత్రం ఆ లాభం దక్కలేదు. నా పసుపు ముద్ర కాగితం గుర్తుంది కదా.

రాతకు స్పందన లేకపోతే తెలంగాణ రెరాలో ఫిర్యాదు. ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, ఫీజు భారమేమీ కాదు. అగ్రిమెంటు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ ఈమెయిళ్లు ఉంటే చాలు. అరవై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, కానీ నాకు తెలిసినవాళ్లలో ఎవరికీ అరవై రోజుల్లో తేలలేదు. ఉత్తర్వు వచ్చాక కూడా బిల్డరు కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించాలి, అదీ నెమ్మదే. ఇది ముందే చెప్పకపోతే మీరు తర్వాత నన్ను తిట్టుకుంటారు.

ఇక అత్తగారి ముహూర్తం. పూజకు, స్వాధీనానికి చట్టంలో సంబంధం లేదు. "పూజ నిమిత్తం ఒక్క రోజు ఫ్లాటులోకి అనుమతించగలరు, ఇది స్వాధీనంగా పరిగణించరాదు" అని రాసి తాళం తీసుకోండి. పాలు పొంగించి, సాయంత్రానికి తాళం తిరిగి ఇచ్చి, ఇచ్చినట్టు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టండి. ఆవిడ మాట నిలబడుతుంది, మీ పది లక్షల మాటా నిలబడుతుంది. పొయ్యి మాత్రం గ్యాసుది తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అగ్రిమెంటులో "నిర్మాణం పూర్తయిన వెంటనే అప్పగించబడును" అని మాత్రమే ఉంది. తేదీ లేదు. నాలుగేళ్లయింది. తేదీయే లేనప్పుడు ఆలస్యం ఎక్కడిది అంటున్నారు.
– గుంటూరు

జవాబు: తేదీ రాయకపోవడం బిల్డరు తప్పు, దానికి లాభం ఆయనకు రాదు. అప్పగింత తేదీ అగ్రిమెంటులో ఉండి తీరాలని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. తేదీ లేని ఒప్పందంలో మూడేళ్లు సహేతుకమైన గడువని సుప్రీంకోర్టు 2018లో ఒక కేసులో పేర్కొంది. మీకు నాలుగేళ్లు దాటాయి. ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైటులో మీ ప్రాజెక్టు పేజీ తెరిచి, రిజిస్ట్రేషన్ సమయంలో ఆయనే స్వయంగా ప్రకటించిన పూర్తి తేదీని ప్రింటు తీసి పెట్టుకోండి. మీకు చెప్పని తేదీ అక్కడ చెప్పి ఉంటారు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. హైదరాబాద్‌లో ఫ్లాటుకు 40 లక్షలు కట్టాం. గడువు దాటి ఏడాదిన్నర. విసిగిపోయి రద్దు చేసుకుంటామంటే పది శాతం మినహాయించుకుని ఇస్తామంటున్నారు. నాన్నగారు డెబ్బై దాటిన వయసులో వాళ్ల ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

జవాబు: "రద్దు చేసుకుంటాం" అన్న మాట మీ నోట రానివ్వకండి. మీకై మీరు మనసు మార్చుకుంటే అగ్రిమెంటులోని మినహాయింపు షరతు పనిచేస్తుంది. గడువుకు ఇవ్వనందువల్ల వైదొలగితే అది 18వ సెక్షన్ కిందికి వస్తుంది, మినహాయింపు ఉండదు, పైగా వడ్డీ వస్తుంది. అలా వెనక్కి అడిగే హక్కుకు షరతులేమీ లేవని 2021 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఈమెయిల్‌లో వాడాల్సిన మాట "గడువులోగా అప్పగించనందున ప్రాజెక్టు నుంచి వైదొలగుతున్నాం" అని. ఇంటి అప్పు ఉంటే వచ్చే డబ్బు ముందు బ్యాంకుకు వెళుతుందని గుర్తుంచుకోండి.

అయితే ఆ ఈమెయిల్ పంపే ముందు ఆ ప్రాంతంలో ఇవాళ చదరపు అడుగు ధర ఎంతో కనుక్కోండి. కొన్ని చోట్ల గత కొన్నేళ్లలో ధర పెరిగిన వేగం వడ్డీని మించింది. అక్కడ కోపంతో వదిలేస్తే సంతోషించేది బిల్డరే, మీ ఫ్లాటును కొత్త ధరకు అమ్ముకుంటాడు. పని ఆగిపోయి పునాదుల్లోనే ఉంటే మాత్రం ధర ఎంతున్నా బయటపడడమే మేలు.

నాన్నగారిని తిప్పకండి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో వేయవచ్చు. ఇక్కడ సంతకాలకు ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే, ఆ పత్రం భారత్ చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈ గడువు దాటించి ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను.

ప్రశ్న: మా భవనంలో అందరికీ రిజిస్ట్రేషన్ చేస్తున్నారు. మొదటి అంతస్తులోని మాకు మాత్రం "మీ ఫ్లాటు మున్సిపాలిటీ తనఖాలో ఉంది, ఆగాలి" అంటున్నారు. మేం అప్పేమీ చేయలేదు!
– మేడిపల్లి

జవాబు: అప్పు మీది కాదు, బిల్డరు ఇచ్చిన పూచీ అది. ప్లానుకు విరుద్ధంగా కట్టకుండా ఉండేందుకు, అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతం మున్సిపల్ సంస్థకు తనఖా పెట్టించుకుంటారు. 2012 నాటి జీవో 168లో ఉన్న పద్ధతి ఇది. సాధారణంగా కింది అంతస్తుల ఫ్లాట్లే అందులోకి వెళతాయి. ఓసీ ఇచ్చాక విడుదల చేస్తారు. కాబట్టి మీ రిజిస్ట్రేషన్ ఆగిందంటే ఓసీ రాలేదని అర్థం. రిజిస్టరవుతున్న పై అంతస్తులవాళ్లకు కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు, చెప్పండి. మీకు అమ్మేటప్పుడు ఈ తనఖా మాట దాచారా అన్నది అసలు ప్రశ్న. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించి తనఖా తేదీ, మీ అగ్రిమెంటు తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. తనఖా ముందే ఉండి, మీకు చెప్పకుండా అమ్మి ఉంటే ఫిర్యాదులో ఆ ఒక్క అంశానికే సగం పేజీ కేటాయించండి.

ప్రశ్న: 2019 నవంబరులో ఇంటి అప్పు తీసుకున్నాం. తాళాలు 2025 మేలో వచ్చాయి. ఏటా రెండు లక్షల వడ్డీ మినహాయింపు రాదని మా ఆడిటరు అంటున్నారు. నిజమేనా?
– విశాఖపట్నం

జవాబు: దురదృష్టం, నిజమే కావచ్చు. సొంతానికి ఉండే ఇంటికి రెండు లక్షల మినహాయింపు కావాలంటే, అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోగా నిర్మాణం పూర్తి కావాలి. మీకది 2020 మార్చి 31 నుంచి లెక్క, అంటే 2025 మార్చి 31. అది దాటితే మినహాయింపు 30 వేలకు పడిపోతుంది. బిల్డరు రెండు నెలల బద్ధకం మీకు ఏటా లక్షా 70 వేల మినహాయింపును మింగేసింది. (ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవారికి. కొత్త విధానంలో సొంతానికి ఉండే ఇంటికి ఈ మినహాయింపే లేదు.)

ఆశ వదులుకునే ముందు ఒక్కటి చూడండి. తాళాల తేదీ మే సరే, ఓసీ మీద ఏ తేదీ ఉంది? మార్చి 31కి ముందుదైతే నిర్మాణం గడువులోనే పూర్తయిందని వాదించే వీలుంది. ఆ కాగితం ఆడిటరుకు చూపించండి. ఆ ఇంటిని అద్దెకిస్తే లెక్క వేరు, ఈ 30 వేల పరిమితి వర్తించదు. కోల్పోయిన పన్ను లాభాన్ని రెరాలో నష్టపరిహారంగా అడగవచ్చు. ఇస్తారని నేను హామీ ఇవ్వలేను, అడగనిది మాత్రం ఎవరూ ఇవ్వరు.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుడిని. 2022లో హైదరాబాద్ శివారులో "ప్రీలాంచ్ ఆఫర్" (అనుమతులు రాకముందే అమ్మకం) అంటే ముప్ఫై లక్షలు మొత్తం ఒకేసారి కట్టాను. బయట ఆరు వేలున్న చదరపు అడుగు నాకు మూడు వేలకే ఇచ్చారు. మూడేళ్లయింది, స్థలంలో రేకుల షెడ్డు, బోర్డు తప్ప ఏమీ లేదు. గట్టిగా అడిగితే చెక్కు ఇచ్చి, "బ్యాంకులో వేయకండి, మేం చెప్పినప్పుడు వేద్దురుగాని" అన్నారు.
– కరీంనగర్

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ చెక్కు మీద తేదీ చూడండి. ఆ తేదీ నుంచి మూడు నెలలే దానికి ప్రాణం. వాళ్లు చెప్పేదాకా ఆగమన్నది ఆ మూడు నెలలు దాటించడానికే. వెంటనే బ్యాంకులో వేయండి. తిరిగొస్తే, ఆ సమాచారం మీకు అందిన 30 రోజుల్లోగా న్యాయవాది ద్వారా నోటీసు వెళ్లాలి. నోటీసు అందాక పదిహేను రోజుల్లో కట్టకపోతే మరో నెలలోగా కోర్టులో ఫిర్యాదు. ఈ తేదీల్లో ఒక్కటి తప్పినా బలమైన ఆయుధం చేజారుతుంది. చెక్కు పాతబడిపోయి ఉంటే కొత్త తేదీతో మరొకటి అడిగి తీసుకోండి.

అయిదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా అమ్మకూడదు. అసలు ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఇస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా. నమోదైన ప్రాజెక్టులో కూడా, అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ దగ్గర నూటికి నూరు తీసుకున్నారు. రెరాకు ఫిర్యాదు చేయండి. నమోదు కాలేదన్న సాకుతో వాళ్లు తప్పించుకోలేరు. దానితో పాటు పోలీసుల దగ్గరకూ వెళ్లాలి. మీ మొత్తం పెద్దది, మీలాంటివారు మరికొందరు ఉండే ఉంటారు. ప్రాజెక్టు సైబరాబాద్ పరిధిలో ఉంటే అక్కడ ఆర్థిక నేరాల విభాగం ఉంది. అందరూ కలిసి వెళితే ఫిర్యాదుకు బరువు వేరు.

సగం ధరకు ఎలా ఇస్తారని ఆనాడు అడగలేకపోయానని ఉత్తరం చివర బాధపడ్డారు. బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు కూడా ఈ పథకాల్లో కట్టి నా దగ్గరకు వచ్చారు మాస్టారూ. చెక్కు సంగతి ఈ రోజే చూడండి.

ప్రశ్న: అందరూ బిల్డర్లను తిట్టేవాళ్లే. నేను కాకినాడలో చిన్న బిల్డరును, ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు కడుతున్నాను. ఇసుక దొరక్క నాలుగు నెలలు, వానలకు రెండు నెలలు పోయాయి. ముగ్గురు కొనుగోలుదారులు వాయిదాలు కట్టలేదు. ఆలస్యమంతా నా నెత్తినే వేస్తున్నారు. మా గోడు ఎవరు వింటారు?

జవాబు: వింటున్నాను, మీ ఉత్తరం వేయడానికే ఈ పేజీలో చోటు మిగిల్చాను. కొన్ని నిజాలు మీకు నచ్చవు. చట్టం గుర్తించే అనివార్య కారణాలు యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, అలాంటి ప్రకృతి విపత్తు. కోస్తాలో మామూలుగా పడే వాన అందులో లేదు, ఇసుక కొరత అంతకన్నా లేదు. మీ తప్పు లేదని రెరాను ఒప్పిస్తే ప్రాజెక్టు నమోదును మొత్తం మీద ఏడాది దాకా పొడిగిస్తారు. ఆ పొడిగింపు మీ నమోదుకు మాత్రమే, కొన్నవారి అగ్రిమెంటులోని తేదీ మారదు. తేదీ మారాలంటే వాళ్లు ఒప్పుకుని సంతకం చేయాలి. ఆరు నెలలు ముందుగా కూర్చోబెట్టి, ఏ పని ఎక్కడ ఆగిందో చూపించి అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. గడువు దాటాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ప్రతి నెలా ఒకటో తేదీన ఇరవై మందికీ నాలుగు ఫొటోలు, నాలుగు వాక్యాలు పంపండి. "త్వరలో" అన్న మాట వాడకండి, తేదీ రాయండి.

ఇక ఆ ముగ్గురు. కొన్నవాళ్లు వాయిదా ఆలస్యం చేస్తే వాళ్లూ మీకు వడ్డీ కట్టాలి. రేటు కూడా మీరు వాళ్లకు కట్టవలసిందే, పైసా తేడా ఉండదు. కట్టలేదని మీ ఉత్తరంలో రాశారు గానీ నోటీసు ఇచ్చినట్టు ఎక్కడా లేదు. మొహమాటపడి ఉంటారు. రేపు వాళ్లు మీ మీద ఫిర్యాదు వేసినప్పుడు మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు. ముగ్గురికీ విడివిడిగా, ఏ వాయిదా ఏ తేదీ నుంచి బాకీ ఉందో రాసి, రసీదు వచ్చేలా పోస్టు చేయండి.